కింది నుంచి వచ్చే దెబ్బ

"అన్నా, బాపు లేస్తలేడు."

మా చిన్నాన్న బిడ్డ, నాకు చెల్లె, ఫోన్ చేసినప్పుడు నేను పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఔటర్ వంతెన కింద కాలేజీ బస్సు ఆపుకొని ఉన్నాను. పొద్దుటి వేళ. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఆమె ఏడవడం లేదు. "లేపిన. మళ్ల లేపిన. కాళ్లు సల్లగున్నయ్. అమ్మ ఏం మాట్లాడ్తలేదు" అంది. పోయిండు అనే మాట ఆమె అనలేదు, నేనూ అనలేదు. "చిన్నమ్మ దగ్గర కూసో. వస్తున్న" అన్నాను, అంతే.

పిల్లలను కాలేజీలో దింపి, బస్సు ఇంకొకరికి అప్పగించేదాకా ఆగక తప్పదు. ఇబ్రహీంపట్నం దాకా దారి పొడవునా కంకర టిప్పర్లు ఎదురొస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కటి పక్క నుంచి దూసుకుపోతుంటే నా చూపు లోడు మీదికి గానీ చక్రాల మీదికి గానీ పోలేదు. క్యాబిన్ వెనక మూలల మీదికి పోయింది. అక్కడ చూడటం నాకు నేర్పినవాడు ఆ పొద్దున లేవని ఆ మనిషే.

ఆయన మా బాపుకు తమ్ముడు. మేమంతా కాక అనేవాళ్లం. రాళ్లు కంకర కొట్టే క్రషర్ల దగ్గర చాలా ఏళ్లు టిప్పర్ నడిపాడు. ఎట్లా పోయాడని అడిగినవాళ్లకు కిడ్నీలు చెడిపోయాయని చెప్తున్నాం. దవాఖాన కాగితం మీద కూడా అదే ఉంటుంది. కానీ ఆయన చావు మొదలైంది కిడ్నీల దగ్గర కాదు. టిప్పర్ క్యాబిన్ కింద పిడికెడంత రబ్బరు ముక్కలు ఉంటాయి, అక్కడ మొదలైంది. ఆ సంగతి చెప్పకుండా మా కాకను గుర్తు చేసుకోవడం నాకు చేతకాదు.

హైదరాబాదు మా వైపుకు పెరుగుతూ వస్తున్న కాలం అది. ఔటర్ రింగు రోడ్డు పడుతోంది. దాని పక్కన అపార్టుమెంట్లు, కంపెనీల అద్దాల మేడలు, కాలేజీలు లేస్తున్నాయి. అన్నిటికీ కంకర కావాలి. మా చుట్టూ ఉన్న గుట్టలు కంకర అయిపోయాయి. మా పొలంలో బోరు ఎండిపోయాక కాక నాగలి పక్కన పెట్టి హెవీ లైసెన్సు తీసుకున్నాడు. క్రషర్ సేటు కొత్త టిప్పర్ కొని ఆయన చేతికిచ్చాడు. సీటు మీది ప్లాస్టిక్ కవరు కూడా తియ్యని బండి.

నేను అప్పటికి డిగ్రీ మధ్యలో మానేసి ఏ పనీ లేకుండా తిరుగుతున్నాను. ఒకరోజు కాక నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకొని క్వారీ నుంచి కోహెడ వైపు లోడు తీసుకుపోయాడు. నిండు టీ గ్లాసు నా చేతికిచ్చి, "పట్టుకో, ఒలుకుతదేమో సూద్దాం" అన్నాడు. గుంతల దారి. కింద చక్రాలు ఎగిరెగిరి పడుతున్నాయని తెలుస్తూనే ఉంది. క్యాబిన్ మాత్రం ఒకసారి మెల్లగా కుంగి, మళ్లీ మెల్లగా లేచేది. టీ అంచు దాకా వచ్చి వెనక్కి పోయింది. నా వేళ్లు తడవలేదు.

"మంచం లెక్క లేదూ?" అని మురిసిపోయాడు.

ఆ సాయంత్రం బండి కడుగుతూ క్యాబిన్‌ను ముందుకు వంచి ఎత్తినప్పుడు నన్ను పిలిచి చూపించాడు.

"గిటు జూడు. క్యాబిన్ ఈ చాసిస్ చట్రం మీద ఉత్తగ కూసోదు. ముందర రెండు, ఎన్క రెండు రబ్బర్లుంటయ్, వాటి మీద కూసుంటది. టైరు గుంతల వడ్డదనుకో. దెబ్బ ముందుగాల టైరుకు, ఆన్నుంచి కమాన్ల స్ప్రింగులకు, ఆన్నుంచి చాసిస్‌కు వస్తది. ఆఖరికి ఈ రబ్బర్లకు. ఇవి తిన్నంత తిని, మిగిలింది మనకిడుస్తయ్."

"ఇవి తినకుంటే కాకా?"

"మన నడుము తింటది" అని నవ్వాడు. నవ్వులాటకు అన్న మాటే. అప్పటికి ఆయన నడుముకు ఏ రోగమూ లేదు.

నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే. తిట్టకుండా నేర్పాడు. ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. బండి తీసే ముందు క్యాబిన్ వెనక మూలన అరచెయ్యి ఆనించి, పడుకున్న మనిషిని లేపినట్టు ఒకసారి కదిపేవాడు. క్వారీ దారి మొదలుకాగానే చేతి గడియారం విప్పి జేబులో వేసుకునేవాడు. ఆ దారిలో మాట్లాడేవాడు కాదు. "నాలుక కరుసుకుంటవ్, నోరు ముయ్యి" అని, మళ్లీ తారు రోడ్డు ఎక్కాకే, ఆపిన మాట ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి అందుకునేవాడు. ముద్దపప్పంటే ప్రాణం. టిఫిన్ డబ్బాలో ముద్దపప్పు ఉన్న రోజు మధ్యాహ్నం కాకముందే ఆకలైందనేవాడు.

కొన్నాళ్లకు నేనూ అదే క్రషర్‌లో ఇంకో టిప్పర్ మీద చేరాను. ఆయన బండి వెనక నా బండి. అందుకే ఆ తర్వాత జరిగిందంతా నా కళ్ల ముందే జరిగింది.

ముందు ఒక చప్పుడు. గుంత దాటినప్పుడల్లా క్యాబిన్ వెనక నుంచి టక్ మని చిన్నగా వచ్చేది. ఎండకు, దుమ్ముకు, ఇంజను వేడికి రబ్బర్లు ఎండిపోయాయి. వంగి చూస్తే పగుళ్లు కనిపించాయి. గోరుతో నొక్కితే దిగబడాల్సిన రబ్బరు గోరునే వెనక్కి నెడుతోంది. కాక పోయి సేటుకు చెప్పాడు. నేను వెంట ఉన్నాను.

"రబ్బర్లకోసమని బండి ఆపాల్నా?" అన్నాడు సేటు. "ఆడ స్లాబ్ పోస్తున్నరు. కంకర వోకుంటే నా మీదికొస్తరు. నడ్వనియ్యి, తర్వాత జూద్దాం."

తర్వాత అంటే వర్షాలు పడి దారి ఇంకా చెడిపోయాక. టక్ అనే చప్పుడు దడ్ అనేదాకా వచ్చింది. అప్పుడు సేటు మెకానిక్‌ను పిలిపించి, పాత టైరు నుంచి ముక్కలు కోయించి రబ్బర్ల చోట పెట్టించాడు. మెకానిక్ పెట్టాడు గానీ కాక మొహం చూడలేదు. "క్యా కరూఁ భాయ్, ఏం జెయ్యమంటవ్. గదే పెట్టుమన్నడు" అన్నాడు.

చప్పుడు తగ్గింది. నేను సంతోషపడ్డాను. కాక పడలేదు.

"టైరు ముక్క సుత రబ్బరే గద కాకా" అన్నాను.

"రబ్బరే. కానీ కుంగది రా. దాంట్ల దారాలుంటయ్, గట్టిగుంటది. కుంగనిది దెబ్బను తినదు. వచ్చింది వచ్చినట్టు పైకి పంపుతది."

అట్లాగే పంపింది. ఆ తర్వాత ఆయన బండిలో ఎక్కినప్పుడల్లా నా పళ్లు పటపట కొట్టుకునేవి. పక్క అద్దం అదిరి అదిరి వెనక వచ్చే బండి రెండుగా కనిపించేది. టిఫిన్ డబ్బా మూత దానంతటదే ఊడిపోయేది. డ్యాష్‌బోర్డు మరలు ఒక్కొక్కటే సడలి కాళ్ల దగ్గర పడేవి. తలుపు ఒకసారి వేస్తే పట్టేది కాదు, గట్టిగా గుంజి కొట్టాలి. క్యాబిన్ కింది ఇనుప పట్టీల మీద వెంట్రుకలాంటి పగుళ్లు వచ్చాయి. వెల్డింగు పెట్టారు. వెల్డింగు పక్కనే కొత్త పగులు వచ్చింది. ఇంకా, ముందు గాజుకు కింది మూల నుంచి ఒక గీత మొదలైంది. ఏ రాయీ తగల్లేదు. క్యాబిన్ మెలితిరుగుతుంటే గాజు ఓర్చుకోలేకపోయింది. కాక సబ్బు ముక్కతో ఆ గీత చివర ఒక చుక్క పెట్టాడు. కొన్నాళ్లకు గీత చుక్కను దాటింది. మళ్లీ చుక్క పెట్టాడు. దాన్నీ దాటింది. ఆ గాజు వైపు చూడకుండా బండి నడపడం ఎట్లాగో నాకు అర్థమయ్యేది కాదు.

"నాకు జూడబుద్ధి గాదు. గని జూడకుంటే ఇంక భయమైతది" అన్నాడొకసారి.

ఆ గాజులాగే ఆయన ఒంట్లోనూ గీత సాగుతోంది. అది మాకెవరికీ కనపడలేదు. బండి దిగేటప్పుడు రెండు చేతులతో తలుపు పట్టుకొని కాసేపు వేలాడి, అప్పుడు కాళ్లు నేల మీద పెట్టేవాడు. ఇంట్లో మంచం మానేసి గచ్చు మీద పడుకునేవాడు. నిద్రలో కుదుపు వచ్చినట్టు ఒళ్లు ఎగిరిపడుతుందని చిన్నమ్మ చెప్పింది. చొక్కా జేబులోకి గోళీలు చేరాయి. నడుము నొప్పి గోళీలు. మెడికల్ షాపులో చీటీ అడగరు, పేరు చెప్తే ఇస్తారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి అన్నది పోయి, లోడుకు పోయే ముందు ఒకటి అయింది. పక్క డ్రైవర్లు నడుము పట్టుకుంటే వాళ్లకూ ఒకటి తుంచి ఇచ్చేవాడు. వక్కపొడి పంచినట్టు పంచేవాడు.

"ఉత్త కడుపుల మింగకు, పానం ఖరాబైతది" అని చిన్నమ్మ కొట్లాడేది.

"మింగకుంటే బండెక్కరాదే. బండెక్కకుంటే కడుపే ఉండది" అనేవాడు. ఆమె ఊరుకునేది. ఊరుకున్నందుకు ఇప్పుడు తనను తాను తిట్టుకుంటోంది. ఆమె తప్పేమీ లేదు.

ఎన్ని గోళీలు మింగినా కాక చెవులు మాత్రం పని చేస్తూనే ఉన్నాయి. ఆయన ఒక మాట తరచూ అనేవాడు: "బండి సప్పుడు జేసినంతసేపు ఏడున్నదో చెప్తున్నట్టు. సప్పుడు ఆపితెనే ఫికర్ జెయ్యాలె." నాకు అది అప్పట్లో వింతగా ఉండేది. చప్పుడు ఆగితే మంచిదే కదా అనుకునేవాడిని.

ఒకరోజు క్వారీలో ఆయన బండికి లోడు పోసి, నా బండికి పోస్తున్నారు. కాక దిగి నా దగ్గరికి వచ్చాడు. మొహం అదోలా ఉంది.

"సప్పుడు ఆగింది రా" అన్నాడు.

"మంచిదే గద కాకా."

"మంచిది గాదు. నిన్నటిదాంక దడదడ అన్నది. ఇయ్యాల ఎక్కేటప్పుడు ఒక్కసారి సుత అనలే. ఎన్క పట్టీ ఇరిగి క్యాబిన్ చాసిస్ మీద కూసున్నట్టున్నది. సందు లేకుంటే సప్పుడెక్కడిది? లోడు మీద క్యాబిన్ ఎత్తి జూసుడు ఈడ కాదు. కింద తూకం కాంటా దగ్గర వాలు లేకుండ సదరంగుంటది, ఆడ ఆపి జూస్త. మెల్లగ వోత. నువ్వు నాకు దూరంగ రా. దగ్గరికి రాకు."

ఆయన క్యాబిన్ ఎక్కి తలుపు రెండుసార్లు కొట్టి వేసుకున్నాడు. నేను ఆయన చెప్పినంత దూరంలోనే దిగుతున్నాను. క్వారీ దారి గుట్టను చుట్టుకుంటూ కిందికి పోతుంది. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క క్రషర్ వదిలిన దుమ్ము కుప్పలు. ఎండ నిటారుగా ఉంది. కాక బండి నత్తలాగా పోతోంది. నిజంగానే చప్పుడు లేదు. ఇంజను మోత తప్ప ఏమీ వినపడటం లేదు. 

మలుపు దగ్గర పొదల్లోంచి మేకల మంద దారి మీదికి వచ్చింది. వాటి వెనక ఒక ముసలామె, చేతిలో కట్టె.

కాక బ్రేకు తొక్కాడు.

ఆ తర్వాత నేను చూసింది ఇప్పటికీ కళ్ల ముందు ఆడుతుంది. టిప్పర్ ఆగబోతోంది, క్యాబిన్ మాత్రం ఆగలేదు. క్యాబిన్ ముందుకు వంగకుండా పట్టి ఉంచే వెనక లాకు, విరిగిన పట్టీ రెండూ వదిలేశాయి. క్యాబిన్ వెనక భాగం చాసిస్ మీద నుంచి పైకి లేచింది. లోడుకూ క్యాబిన్‌కూ మధ్య, ఉండకూడని చోట, నాకు ఆకాశం కనిపించింది. తల వంచి దండం పెడుతున్నట్టు క్యాబిన్ మొత్తం ముందుకు వంగిపోయింది. కాక కాలు బ్రేకు మీద నుంచి లేచిపోయి ఉంటుంది, బండి మళ్లీ కదిలింది. ముందు గాజు ఊడి దారి మీద పడింది. బండి దాని మీదుగానే పోయింది. గాలిలో వేలాడుతూ కూడా కాక స్టీరింగు వదల్లేదు. ఎట్లా తిప్పాడో తెలియదు, టిప్పర్ పక్కకు తిరిగి దుమ్ము కుప్పలోకి దూరి ఆగింది.

నేను పరిగెత్తాను. ఆయన గాజు ఊడిపోయిన సందులోంచి నడుము దాకా బయటికి వచ్చి, స్టీరింగుకు కరుచుకొని ఉన్నాడు. ఒళ్లంతా తెల్లటి దుమ్ము. కళ్లు మాత్రం తెరిచి ఉన్నాయి.

"మేకలు?" అన్నాడు.

ముసలామె అప్పటికే తిట్టుకుంటూ దగ్గరికి వచ్చింది. "కండ్లు గనవడ్తలేవా? పానాలు దీస్తరా?" అంటూ వచ్చి, వంగిపోయిన క్యాబిన్‌ను, అందులోంచి వేలాడుతున్న మనిషిని చూసి ఆగిపోయింది. కట్టె కింద పడేసి, నాతో పాటు ఆయన చంకల కింద చేతులు వేసి కిందికి దించింది. తన సీసాలోని నీళ్లు ఆయన నోట్లో పోస్తూ, "నీకేం గాలె కొడ్కా, ఏం గాలె" అని అంటూనే ఉంది. 

పక్కటెముకలు చిట్లాయి. అసలే పాడైన నడుము ఇంకా పాడైంది. దవాఖానలో డాక్టరు ఫిల్ము చూపించి, వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండాల్సింది అరిగిపోయి ఎముక ఎముకకు ఆనుతోందని చెప్పాడు. కాక ఆ ఫిల్మును చాలాసేపు చూశాడు. "క్యాబిన్ రబ్బర్లు" అన్నాడు. డాక్టరుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది, తల తిప్పుకున్నాను.

ఆయన ఇంటికి వచ్చాక చేసిన పనిని నేను బతికున్నంతకాలం మరవను. నడుముకు బెల్టు కట్టుకొని, ఎవరికీ చెప్పకుండా, ఆటో మాట్లాడుకొని క్రషర్‌కు వచ్చాడు. ఆయన టిప్పర్ అప్పటికే బాగై నిలబడి ఉంది. కొత్త గాజు, కొత్త రంగు. ఒడిశా నుంచి వచ్చిన ఒక కొత్త డ్రైవరు స్టీరింగు ముందు కూర్చున్నాడు. కాక వెనకకు పోయి మూలన అరచెయ్యి ఆనించి కదిపాడు. కష్టంగా వంగి కిందికి చూశాడు. పట్టీకి మళ్లీ వెల్డింగే. రబ్బర్ల చోట మళ్లీ టైరు ముక్కలే.

ఆయన మెల్లగా ముందుకు నడిచి టిప్పర్‌కు ఎదురుగా నిలబడ్డాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. కాక కదల్లేదు. సేటు వచ్చాడు.

"ఏందిది? దవాఖాన ఖర్సు ఇచ్చిన గద. ఇంకేం గావాలె?"

"రబ్బర్లు ఎయ్యి సేటు."

"నీకెందుకు? నువ్వు నడుపుతలేవు గద."

"నడుపుతలేను. అందుకే చెప్తున్న. నడిపేటప్పుడు చెప్తే పని తప్పిచ్చుకుంటున్నడంటివి."

"జరుగు. లోడు వోవాలె."

"రబ్బర్లు ఏసినంక పోనీ. అప్పటిదాంక ఈడనే ఉంట."

గొంతు పెంచలేదు. నిలబడటమే ఆయనకు కష్టంగా ఉంది, ఒక చెయ్యి బంపరు మీద ఆనించుకున్నాడు. వరసలో వెనక ఉన్న బండ్ల డ్రైవర్లందరూ చూస్తున్నారు. సేటు మా వైపు తిరిగి, "మీరేం జూస్తున్నరు? పక్క నుంచి తియ్యుండ్రి" అని అరిచాడు. ఎవరం తియ్యలేదు. వెనక ఒక ఇంజను ఆగింది. ఇంకొకటి ఆగింది. నేనూ తాళం తిప్పేశాను. క్రషర్ మోత ఒక్కటే మిగిలింది. కాసేపటికి, లోడు ఎత్తేవాళ్లు లేక, అదీ ఆగింది. ఆ గుట్టల మధ్య అంత మౌనం నేను ఎప్పుడూ వినలేదు. ఆ మౌనంలో ఏదో విరగబోతోందని భయం వేసింది. సేటుకూ వేసినట్టుంది. ఫోన్ తీశాడు.

సాయంత్రానికల్లా పట్నం నుంచి రబ్బర్లు వచ్చాయి. మెకానిక్ వాటిని బిగిస్తున్నంతసేపు కాక పక్కన ఇసుక బస్తా మీద కూర్చొని చూశాడు. కొత్త పట్టీలు, కొత్త లాకు కూడా వేయించాడు. తర్వాత మిగతా బండ్లకూ ఒక్కొక్కదానికీ వేశారు. ఆ ఒడిశా డ్రైవరు ఆ బండిని కొన్నేళ్లు నడిపి, ఒంటి మీద దెబ్బ లేకుండా సొంతూరికి పోయాడు. తన బండికి అడ్డం నిలబడ్డ మనిషి పేరు కూడా అతనికి తెలియదు.

కాకకు మాత్రం ఆ చుట్టుపక్కల ఏ క్రషర్‌లోనూ మళ్లీ పని దొరకలేదు. దొరికినా చేసే స్థితిలో లేడు. చిన్నమ్మ కాలేజీ హాస్టల్‌లో వంటకు చేరింది. ఆయన ఒక వెంచర్‌కు వాచ్‌మన్‌గా పోయాడు. రాళ్లు పాతి ప్లాట్లు చేసిన భూమికి కాపలా. నన్నూ టిప్పర్ మాన్పించాడు. కాలేజీ బస్సుకు డ్రైవరు కావాలని తెలిసి తానే నన్ను వెంటబెట్టుకొని పోయాడు.

"బస్సు నడుపు. ఎన్క సదువుకునే పిల్లలుంటరు. వాళ్ల నడుములకోసమన్న జల్ది రిపేర్ చేపిస్తరు" అన్నాడు.

ఆ మాట నిజమైంది. నిజమైనందుకు నాకు ఇప్పటికీ మనసులో చేదుగా ఉంటుంది. ఈ వయసులో నా నడుము నిటారుగా ఉందంటే, పొద్దున ఏ గోళీ మింగకుండా నేను బస్సు ఎక్కుతున్నానంటే, అది ఆయన పెట్టిన భిక్ష.

ఆయన గోళీలు మాత్రం ఆగలేదు. ఏళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం చెప్పులు పట్టడం లేదన్నాడు. పాదాలు ఉబ్బాయి. తర్వాత మొహం ఉబ్బింది. ముద్దపప్పు పెట్టినా ముట్టుకోలేదు. సర్కారు దవాఖానలో పరీక్షలు చేసి, డాక్టరమ్మ నెమ్మదిగా అడిగింది.

"నొప్పి గోళీలు ఎన్నేళ్ల నుంచి వాడుతున్నారు?"

"యాదికి లేదు మేడం. టిప్పర్ పాతగైనప్పటి సంది."

ఆమె రాసుకోవడం ఆపి, ఆయన వైపు చూసి, "కిడ్నీలు వాటివల్లే చెడిపోయాయి. ఇక ఒక్కటి కూడా వద్దు" అంది. అప్పటికే ఆలస్యమైందని ఆమెకు తెలుసు. ఆమె గొంతులో అది వినపడింది.

డయాలిసిస్ మొదలైంది. సెలవు దొరికినప్పుడల్లా నేను తీసుకుపోయేవాడిని. పొడుగాటి గది, వరసగా మంచాలు, ప్రతి మంచం పక్కన ఒక మిషను. కాక తన మంచం మీద పడుకొని అటూ ఇటూ ఉన్నవాళ్లను పలకరించేవాడు. "ఏం బండి నడిపినవే?" అదే మొదటి ప్రశ్న. నేను నవ్వుకునేవాడిని, అందరూ డ్రైవర్లే ఉంటారా అని. కానీ జవాబులు వచ్చేవి. ఒకాయన బొగ్గు లారీ. ఒకాయన ఇసుక టిప్పర్. ఒకాయన దూరాలకు సిమెంటు. "నడుము గోళీలేనా?" అని కాక అడిగితే, అవ్ అన్నట్టు తలాడించేవాళ్లు. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు. ఆ గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా కొత్తగా వచ్చేవాళ్ల నడక మీదికి పోయేది నా చూపు.

చివరిసారి తీసుకుపోయినప్పుడు ఆటోలో ఆయన పక్కన కూర్చున్నాను. దారిలో గుంత రాబోతుంటే, అది ఇంకా రాకముందే, రెండు చేతులు సీటు మీద ఆనించి ఒంటిని కొద్దిగా పైకి లేపుకునేవాడు. గుంత దాటాక దించుకునేవాడు. మళ్లీ గుంత, మళ్లీ లేపుకునేవాడు.  "కాకా, ఆటోనే గద, ఆనుకొని కూసో" అన్నాను. "అలవాటైంది రా, ఒళ్లు ఇనదు" అన్నాడు. ఇంటి ముందు దిగాక నా భుజం పట్టుకొని నిలబడి, "ఇగ నువ్వు వో, బస్సు టైమైతది" అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన చివరి మాట అది.

చెల్లె ఫోన్ చేసిన రోజు మధ్యాహ్నానికి కాకను శ్మశానానికి, మా వైకుంఠధామానికి తీసుకుపోయాం. అది ఊరి చివర, గుట్ట కింద ఉంది. కాకకు ఉన్నది ఒక్క బిడ్డే. "నిప్పు నేనే పెడ్త" అంది మా చెల్లె, ఎవరూ అడ్డు చెప్పలేదు. పాత డ్రైవర్లు కొందరు వచ్చారు. కట్టెలు పేర్చి, కాకను పైన పడుకోబెట్టాం. చెల్లె నిప్పు పట్టుకొని మూడుసార్లు తిరిగి నిలబడింది.

అప్పుడు గుట్ట మీద సైరన్ మోగింది. క్వారీలో బండలు పగలగొట్టే తూటాలు పేల్చే ముందు మోగిస్తారు.

"జర ఆగు బిడ్డా" అన్నారెవరో.

అందరం ఆగాం. చెల్లె చేతిలో నిప్పు అట్లాగే ఉంది. పక్షులు లేచి అవతలికి పోయాయి. చప్పుడు చెవికి చేరకముందే భూమి మా అరికాళ్ల కింద ఒకసారి కదిలింది. తర్వాత గుట్ట లోపలి నుంచి పెద్ద మోత వచ్చింది. పేర్చిన కట్టెలు కొంచెం సర్దుకున్నాయి. కాక తల మెల్లగా ఒక పక్కకు వాలింది.

చిన్నమ్మ ముందుకు వచ్చి, రెండు చేతులతో ఆయన తలను పట్టుకొని, నిద్రపోతున్నవాణ్ణి సర్దినట్టు, మళ్లీ నేరుగా పెట్టింది. చేతులు వెంటనే తియ్యలేదు. గుట్ట మీంచి లేచిన తెల్లటి దుమ్ము ఎండలో మెల్లగా మా వైపు దిగి వస్తూ ఉంది.